ఆకుపచ్చలో అబద్ధం

"ఒంటిగంటకి ముఠావాళ్ళు నీళ్ళ ట్యాంకులో విషం కలుపుతారు," అన్నాడు ఫోన్‌లో చీఫ్ సుధాకరరావు. "కూలీల డార్మిటరీ. ఆదివారం, మూడు వేల మందీ అక్కడే ఉంటారు. సరుకు ఎలా పనిచేస్తుందో కొనేవాళ్ళకి చూపించాలట. ఏ డార్మిటరీయో టిష్యూ ప్యాకెట్ మీద ఉంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగులోనే కనిపిస్తుంది."

ఏజెంట్ చక్రధర్‌కి ఒళ్ళు కంపరమెత్తింది. మనుషులతో శాంపిల్ చూపించడమా! థూ!

సింగపూర్‌లో యూ టీ హాకర్ సెంటర్, తిండి దుకాణాల మధ్య మూల టేబుల్ మీద నలభై నిమిషాలుగా ఉందా ప్యాకెట్. సీటు చోప్ చేసినట్టు, అంటే ఆపుకున్నట్టు లెక్క. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోరు. చక్రధర్ సిగ్గు విడిచి ఎత్తేశాడు.

"హే, చోప్ ఆల్‌రెడీ లా!" పక్క టేబుల్ ఆంటీ కసిరింది.

ప్యాకెట్ మీద పచ్చటి ఆకు బొమ్మ. అంతే.

"రెండు రకాల ఇంకు. మామూలు కంటికి ఒకే ఆకుపచ్చ," అంది అలేఖ్య, లంచ్‌బాక్స్ అంత కెమెరా తెరుస్తూ. ముత్యాల దుద్దులు, ఖరీదైన సెంటు. యూనివర్సిటీలో ఆప్టిక్స్ రీసెర్చర్, ముఠాలో మనం పెట్టిన మనిషి. "లోపల డిఫ్రాక్షన్ గ్రేటింగ్. సన్నటి గీతల పలక. వెలుతుర్ని రంగులుగా విడదీస్తుంది. స్లిట్, ఈ సన్నటి చీలిక, ఒక్క వేవ్‌లెంగ్త్‌నే వదులుతుంది."

డయల్ 532. స్క్రీన్ మీద ఆకులో అక్షరాలు తేలాయి: యీషున్.

"పదండి, చక్రధర్ గారూ!"

పన్నెండూ నలభై ఆరు. కొత్త పరికరానికి ముందు తెలిసిన వెలుగు చూపించాలని ట్రైనింగ్‌లో చెవినిల్లు కట్టుకుని చెప్పారు. చక్రధర్ జేబులోంచి గ్రీన్ లేజర్ పెన్ తీసి గోడ మీద వేశాడు. దాని వెలుగు సరిగ్గా 532. కెమెరా అటు తిప్పాడు.

స్క్రీన్ చీకటి.

డయల్ తిప్పుతూ పోతే, 560 దగ్గర చుక్క భగ్గుమంది. స్కేల్ జరిపేశారు. అక్కడే ఉంచి ప్యాకెట్ చూశాడు: క్రాంజీ. యీషున్ ఉత్త ఎర.

అలేఖ్య లేవబోయింది. బేడీ ఆమె చేతికీ టేబుల్ కాలికీ పడింది.

"లేబర్ కోసం ఇంత సీన్ ఎందుకండీ?" అంది, జుట్టు సవరించుకుంటూ. "వాళ్ళనెవరు లెక్కపెడతారు?"

 చక్రధర్ చీఫ్‌కి ఫోన్‌లో చెబుతూనే కారెక్కాడు.

పన్నెండూ యాభై తొమ్మిది. క్రాంజీ డార్మిటరీలో ట్యాంకు మీద, సేఫ్టీ జాకెట్ వేసుకున్నవాడు సీసా వంచుతున్నాడు. చక్రధర్ ఆ మణికట్టు పట్టి వెనక్కి విరిచాడు. చుక్క కూడా లోపల పడలేదు.

వాల్వ్ కట్టేసేసరికి మేనేజర్ రొప్పుతూ వచ్చాడు. పర్మిషన్ లేకుండా నీళ్ళెలా ఆపుతారని, కంప్లయింట్ ఇస్తానని ఎగిరాడు.

బకెట్ పట్టుకుని నిలబడ్డ శ్రీకాకుళం కూలీ నవ్వాడు.

"పోయిన వారం రెండ్రోజులు నీల్లు రానేదు బాబూ. అప్పుడీ బాబు కానరానేదు."