ముప్పై ఎనిమిది సరేలు

కళ్ళజోడు వెల్డర్‌ని క్రేన్ ఆపరేటర్ ఈ జన్మలో క్షమించడు.

వాడు నెత్తి మీది నల్ల కళ్ళజోడు తీయడు, నోరు మూయడు. ఏ విషయం అడిగినా ‘తెలీదు’ అన్న మాట వాడి నోట విన్నవాళ్ళు సైట్లో లేరు. పోయి పోయి అలాంటివాడి దగ్గరికి ఆ నాలుగు పేజీల కాగితం పట్టుకెళ్ళడం ఆపరేటర్ చేసిన మొదటి తప్పు. వాడు చెప్పింది నమ్మడం రెండోది.

“నా స్నేహితుడికి ఒకామె ఇచ్చిందట” అన్నాడు ఆపరేటర్, మొదటి పేజీ మాత్రం చూపిస్తూ.

వెల్డర్ పళ్ళికిలించాడు. ఆపరేటర్‌కి స్నేహితుల్లేరని వాడికి తెలుసు.

“ఆడమనిషి ఇలాంటి లిస్టు ఇచ్చిందంటే అది పరీక్షన్నా. ఒక్కదానికి వద్దన్నావా, పిరికోడని తేల్చేస్తుంది. కళ్ళు మూసుకుని అన్నిటికీ సరే కొట్టెయ్యమను. అయినా ఇందులో ఇన్ని రకాలెందుకు? అన్నీ ఒకటే కదా, కొరడా పుచ్చుకుని బాదడమే!”

ఆ సాయంత్రం ఆపరేటర్ తన గదిలో ఫ్యాను కింద కూర్చుని, ముప్పై ఎనిమిది వరుసల పక్కన ముప్పై ఎనిమిది ‘సరే’లు రాశాడు. ఏడో తరగతితో చదువు మానేసినవాడు, చేతిరాత కుదురుగా ఉండదు. అయినా ఒక్కొక్కటీ దిద్దినట్టు రాశాడు.

ఆ కాగితం ఇచ్చింది సిగ్నల్ మేడమ్. కట్టేది పన్నెండంతస్తుల భవనం. పైన గాజు క్యాబిన్లో కూర్చున్నవాడికి భవనం అవతలి పక్క కనిపించదు. అక్కడ నారింజరంగు జాకెట్ వేసుకుని, చేతిలో రేడియోతో ఆమె నిలబడుతుంది. ఆమె చెప్తుంది, అతను దించుతాడు.

“ఆపరేటర్ గారూ, కొంచెం కిందికి. ఇంకొంచెం. ఇంకో జానెడు. చాలు, ఆపండి.”

ఎనిమిది నెలలుగా చెవిలో అదే గొంతు. ఇనుము బరువంతా తన చేతిలో, తన చెయ్యేమో ఆ గొంతులో. అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. బతుకులో ఏది ఎప్పుడు చేయాలో తనే తేల్చుకోవాల్సి వచ్చి అలిసిపోయిన మనిషి. ఆ గొంతు వింటున్నంతసేపే అతని భుజాలు కిందికి దిగేవి.

ఆ మాట ఒకరోజు కాఫీ మెషిన్ దగ్గర నోరు జారింది.

“పని అయిపోయాక కూడా మీరలా చెప్తుంటే బాగుండు మేడమ్.”

అనేశాక చెవులు కాలిపోయాయి. కప్పులో మొహం దాచుకుందామంటే కప్పు చిన్నది.

ఆమె నవ్వలేదు. అటూ ఇటూ చూసి బెంచీ మీద కూర్చుంది. “నాకూ చెప్పడం ఇష్టమే. ఇంతకుముందు ఒకతనితో అలాగే ఉన్నాను. కానీ ఇది అందరూ అనుకునేంత తేలిక కాదు. ఇందులో చాలా రకాలున్నాయి.”

“కొట్టడం... అలాంటివా?”

“కొట్టడం ఒకటి. అది వేరే. కట్టేయడం వేరే. ఒకరు చెప్తే ఇంకొకరు వినడం ఇంకో సంగతి, అందులో దెబ్బ ఉండదు, తాడు ఉండదు. వేషాలు కట్టి ఆడుకునేవాళ్ళున్నారు. మాటలతో తక్కువ చేస్తే ఇష్టపడేవాళ్ళున్నారు. ఒకటి నచ్చినవాళ్ళకి పక్కదంటే ఒళ్ళు జలదరించొచ్చు. ఎంతసేపన్నది కూడా మాట్లాడుకోవాలి. గంటసేపా, సాయంత్రమంతానా, రోజూనా? ఇష్టమైతేనే, ఇద్దరికీ ఇష్టమైతేనే.”

“మరి మధ్యలో వద్దనిపిస్తే?”

“ఆపమనాలి. ఆపమంటే ఆపేయాలి. ఎందుకని అడక్కూడదు.”

“మన సైట్లో లాగా” అన్నాడతను. “స్వీపర్ చెయ్యెత్తి ఆపమన్నా బరువు ఆపాల్సిందే.”

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూశాక అతనికి మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు లిస్టు చేతికొచ్చింది. ‘సరే’, ‘చూద్దాం’, ‘వద్దు’ అని మూడు గడులు. “నిజం రాయండి, అంతే” అని ఒక్కటే చెప్పింది.

వెల్డర్ మాట విని, రాసింది తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె మొదటి పేజీ చదివింది. రెండోది తిప్పింది. మూడోది తిప్పేసరికి మొహంలో రంగు మారింది.

“అన్నీ సరేనా?”

“అన్నీ మేడమ్.”

“ఇరవై మూడోది ఏంటో తెలుసా?”

తెలియదు. ఆ పదం నాలుగుసార్లు కూడబలుక్కుని చదివాడు, అర్థం కాలేదు. “సరే” అన్నాడు.

“తొమ్మిదోది? పిలుపు. ఒరేయ్ అని పిలవడం.”

“సరే మేడమ్.”

ఆమె అతని కళ్ళలోకి చూసింది. “ఒరేయ్, ఇటు రా.”

అతని తల దానంతటదే వంగిపోయింది. ఎర్రటి ఎండలో మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, తనకన్నా పదేళ్ళు చిన్నవాడైన ఇంజనీరు, అందరూ అదే మాట. “వస్తున్నా మేడమ్” అని ఒకడుగు వేశాడు.

“ఆగండి. క్షమించండి, అడక్కుండా అనకూడదు నేను.” కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది. “మీతో నాకు భయంగా ఉంది.”

“నేనేం చేశాను?”

“ఏమీ చేయలేదు. బాధేస్తే బాధేసిందని కూడా అనలేదు. వద్దనలేని మనిషికి నేనేం చెప్పినా అది తప్పే అవుతుంది. ఈ శనివారంతో ఇక్కడ నా పని అయిపోతుంది. ఆలోపు నాకో నిజమైన ‘వద్దు’ చెప్పండి. లేదంటే ఇక్కడితో వదిలేద్దాం.”

“మీక్కావాలంటే ఇప్పుడే చెప్తా. ఏది వద్దనాలి?”

ఆమె నుదురు కొట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగు రోజులు రేడియోలో పైకి, కిందికి, ఆపండి. అంతకుమించి ఒక్క మాట లేదు. అతను పెన్ను తీసేవాడు. ఒక ‘సరే’ కొట్టేసి ‘వద్దు’ రాద్దామనుకునేవాడు. దీనికి వద్దంటే చిన్నబుచ్చుకుంటుందేమో, దానికి వద్దంటే ఇంకొకణ్ణి వెతుక్కుంటుందేమో. అన్నం సహించేది కాదు. చొక్కా జేబులో ఆ కాగితం చెమటకి మెత్తబడిపోయింది.

శుక్రవారం సాయంత్రం చొక్కా ఉతుకుదామని అక్క జేబు తడిమింది. అక్క బట్టలు కుట్టే మనిషి, దేన్నయినా దారం పట్టుకుని లాగకుండా వదలదు. కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

“చెప్పినట్టు వినడం, సరే. కట్టడం, సరే. కళ్ళకు గంతలు, సరే. నొప్పి, సరే... ఒరేయ్, ఇది కంటి ఆపరేషనా, కాలి ఆపరేషనా?”

“అక్కా, ఇలా ఇచ్చెయ్!”

“మత్తుమందు ఇవ్వకుండానే చేస్తారా ఏంటి, నొప్పికి కూడా సరే అన్నావు?” ఇంకో రెండు వరుసలు చదివి ఆగిపోయింది. కాగితం చటుక్కున మడిచేసింది. చెవులదాకా ఎర్రబడింది. “ఇది ఆ రేడియో అమ్మాయిదా?”

అతను తలూపాడు. నేల విచ్చుకుంటే దూరిపోయేలా ఉన్నాడు.

అక్క చాలాసేపు సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. “నాకు సగం అర్థం కాలేదు. మిగతా సగం అర్థం కానక్కర్లేదు. మీరిద్దరూ పెద్దవాళ్ళు, మీ ఇష్టం. కానీ ఒకటి అడుగుతా. అప్పుడెప్పుడో బూట్లు కొన్నావు, గుర్తుందా?”

“బూట్లేంటక్కా ఇప్పుడు?”

“బిగుతుగా ఉంటే సరిపోయాయని తెచ్చుకున్నావు. షాపువాడు నాలుగు జతలు తీసి చూపించాడు, కాదంటే బాధపడతాడని. ఆర్నెల్లు కుంటుతూ నడిచావురా! ఆ షాపువాడికి నీ మొహమైనా గుర్తులేదు. ఈ అమ్మాయి అలా కాదు, ఎక్కడ కరుస్తుందో చెప్పమని కాగితమిచ్చి మరీ అడిగింది. ఈసారి కూడా కుంటుకుంటూ వచ్చావా, నేనూరుకోను.”

శనివారం పొద్దున్నే గాలి లేచింది. కింద అద్దాల పలకలు సిద్ధంగా ఉన్నాయి. క్యాబిన్లో గాలి మీటరు ముల్లు ఎర్రగీత దాటి ఊగుతోంది.

“ఒరేయ్ క్రేనూ! లిఫ్ట్ చెయ్, లేటవుతోంది!” రేడియోలో ఇంజనీరు.

“ఎత్తను సార్. గాలి తగ్గాలి.”

“రెండు పలకలే కదరా!”

“ఒక్కటి కూడా ఎత్తను.”

ఇంజనీరు ఏదో గొణిగి, దిగకుండా అక్కడే ఉండమని చెప్పి పోయాడు. ఆ తర్వాత ఆమె గొంతు వచ్చింది, నాలుగు రోజుల తర్వాత మొదటి అసలు మాట. “భలే చెప్పారే!”

“ఏంటి మేడమ్?”

“వద్దని. తడుముకోకుండా.”

“అది గాలి మేడమ్. మీటరు చూపిస్తోంది, దాని దగ్గర మొహమాటమేముంది?”

“మీ లోపలి మీటరు ఎప్పుడైనా చూశారా?”

కింద, అవతలి పక్క నుంచి ఇటు వచ్చిన నారింజరంగు చుక్క ఒకటి తలెత్తి నిలబడి ఉంది. సాయంత్రానికి ఆ చుక్క ఉండదు. జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పరుచుకున్నాడు.

“మేడమ్, ఏడో ఛానల్‌కి వస్తారా? నంబర్లు మాత్రమే అడగండి. చూసుకుని చెప్తా.”

కాసేపు గరగర. తర్వాత మెల్లిగా, “ఒకటి?”

ఒకటి, చెప్పినట్టు వినడం. “సరే.”

“రెండు?”

రెండు, కట్టడం. కళ్ళు మూసుకుని చూసుకున్నాడు. భుజాలు బిగుసుకున్నాయి. “వద్దు.”

చెప్పేసి కిందికి చూశాడు. చుక్క కదల్లేదు, వెళ్ళిపోలేదు.

“మూడు?”

“వద్దు మేడమ్.”

“నాలుగు?”

“చూద్దాం.”

ఎనిమిదో నంబరు దగ్గర ఇంజనీరు ఛానల్లోకి దూరాడు. “ఏంటా లెక్క?”

“మెటీరియల్ చెకింగ్ సార్” అంది ఆమె, పూర్తిగా అబద్ధం కాకుండా.

“రిజెక్ట్‌లు ఎక్కువున్నట్టున్నాయి?”

“ఉన్నాయి సార్. ముందే తేలడం మంచిది.”

ఇంజనీరు పోయాడో లేదో తెలియదు. కింద వెల్డర్ కూడా తలెత్తి చూస్తున్నాడు.

“తొమ్మిది?” అంది ఆమె. గొంతు తగ్గింది.

“వద్దు.” ఎవరు వింటే విననీ అనుకున్నాడు. “అక్క ఒరేయ్ అంటే ముద్దుగా ఉంటుంది. మిగతావాళ్ళందరూ ఇరవై ఏళ్ళుగా అంటున్నారు, పడుతున్నా. మీరు చెప్పిందల్లా వింటా మేడమ్, కూర్చోమంటే కూర్చుంటా. కానీ ఆ ‘గారు’ తీసేయొద్దు. అది తీసేస్తే వినడం కాదు, మాటలు పడటం అవుతుంది. రెండూ ఒకటి కాదు.”

అతను తొమ్మిదో వరుసలోని ‘సరే’ మీద గీత గీశాడు.

“విన్నాను” అందామె. “పది?”

ముప్పై ఎనిమిదీ అయ్యేసరికి ముల్లు ఎర్రగీత కిందికి దిగింది.

“ఆపరేటర్ గారూ, పలకలెత్తాక కిందికి రండి.”

“ఇది పని మాటా, మన మాటా?”

“మన మాట.”

పలకలెత్తి, నిచ్చెన దిగి వచ్చాడు. ఆమె అతని జవాబులు రాసుకున్న కాగితం బెంచీ మీద పెట్టుకుని కూర్చుంది. వేలితో గడులు లెక్కపెడుతోంది.

“ముప్పై ఎనిమిది ‘సరే’ల్లో పదమూడు మిగిలాయండీ మీవి.”

“చాలవా?” అన్నాడతను.

ఆమె జాకెట్ లోపలి నుంచి ఇంకో నాలుగు పేజీలు తీసింది. అంచులు నలిగి ఉన్నాయి. “ఇది నాది. మీకిచ్చిన రోజే రాశాను, చూపించడానికి ధైర్యం చాల్లేదు. నావి పదకొండే. కట్టడమంటే నాకూ భయమే.”

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. తలలు దాదాపు తగిలాయి. ఎవరి వేలు ఏ వరుస మీద ఉందో కాసేపు ఇద్దరికీ తెలియలేదు.

“ఇద్దరికీ కలిసినవి ఆరు” అందామె.

అతను ఇంకోసారి లెక్కపెట్టాడు, చదువు మానేసినవాడైనా తీసివేతలు బాగానే వచ్చు. ముప్పై రెండు పోయాయి, వాటిలో ఒక్కటి కూడా తిరిగి కావాలనిపించలేదు.