ఉంగరం కింద తడి

వేమూరు దాటి తెనాలి వైపు వెళ్తుంటే కాలవ మలుపు దగ్గర ఒక పెద్ద రేకుల షెడ్డు కనిపిస్తుంది. దీపాలు పెట్టే వేళ దాటాక అక్కడ ఎవరూ బండి ఆపరు. పంచరైనా సరే, టైరు ఈడ్చుకుంటూ పోతారు గానీ ఆగరు.

లోపల అద్దం వెనక తెల్లటి మనిషి నిలబడి ఉంటుందట. తల మీద జుట్టు ఉండదు. ముఖం ఉండాల్సిన చోట కళ్లు మాత్రమే... కదలదు, పిలవదు, ఊరికే చూస్తుంది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మోటార్లకు వైండింగు చేసి బతికేవాణ్ణి, కరెంటుకి తప్ప దేనికీ భయపడను. కానీ ఈ సంగతి మా అక్క కొడుకు కిరీటి నా షాపులో కూర్చుని చెప్పాడు. వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు ఎర్రబడలేదు.

ముందు ఆ షెడ్డు గురించి చెప్పాలి. మనం జేబులో వేసుకు తిరిగే ఫోనులో చిప్పు ఉంటుంది కదా, అది పుట్టేది పలుగురాయిలోంచి. ఆ రాయిని కరిగించి, మలినాలు తీసేసి, దుంగలా సాగదీసి, అప్పడం కన్నా పల్చగా కోస్తారు. అద్దంలా నునుపు చేసిన ఆ బిళ్లల్నే వేఫర్లంటారు. వాటి మీద చిప్పులు తయారుచేసేది ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీల్లో. అక్కడ మిషన్లు సరిచూసుకోడానికి వాడేసిన బిళ్లలు మాత్రం మన కాలవ గట్టుకి వచ్చేవి. పైన పేరుకున్న పొర ఊడేదాకా ఆసిడ్లో ముంచి, కడిగి, మళ్లీ నునుపు చేసి పంపేవారు.

ఒక్క దుమ్ము రేణువు పడితే బిళ్ల పాడు. అందుకని అద్దం బిగించిన గది లోపల పనిచేసేవాళ్లు తల నుంచి పాదం దాకా తెల్లటి డ్రెస్సు వేసుకునేవారు. కళ్లు తప్ప ఏమీ కనపడేవి కావు.

ఇక ఆ ఆసిడ్ ఉందే... అది గాజుని తినేస్తుంది. అందుకే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఉంచుతారు. చూపుకి నీళ్లలాగే ఉంటుంది. పల్చగా ఉన్నది చేతి మీద పడితే మంట కూడా పుట్టదు. మెల్లగా చర్మంలోకి ఇంకి, ఎముక దాకా దిగి, ఎప్పుడో పొద్దుపోయాక మొదలుపెడుతుంది. మనవాళ్లకి ఆసిడ్ అంటే పొగ రావాలి, చురుక్కుమనాలి. చురుక్కుమనని దాన్ని నీళ్లే అనుకుంటారు.

దీవెన కూడా అలాగే అనుకుంది. చుండూరు మనిషి, ఆదాము అనే అతని భార్య, ఆ షెడ్డులోనే పనిచేసేది. లోపలికి వెళ్లేటప్పుడు ఉంగరాలు తీసెయ్యాలని రూలు. పెళ్లిలో పాస్టరు గారి ముందు తొడిగిన ఉంగరం తియ్యనంది. సూపర్వైజరు చూసీ చూడనట్టు వదిలేశాడు. ఉంగరం అంచు తగిలి గ్లౌజుకి చిల్లు పడింది. ఆవిడకి తెలియలేదు. చేతులు కడుక్కుని, ఇంటికెళ్లి, అన్నం వండింది. తెల్లారేసరికి చెయ్యంతా వాచింది. ఆసుపత్రిలో ఉంగరం కొయ్యాలన్నారు. అపశకునమని ఆదాము కొయ్యనివ్వలేదు. చివరికి కోశారు గానీ... అప్పటికే ఆలస్యమైంది.

ఆ తర్వాత కంపెనీ మూతపడింది. ఓనరు వెళ్లిపోయాడు, డ్రమ్ములు ఉండిపోయాయి. అద్దం వెనక తెల్ల బట్టలు కనిపించడం మొదలయ్యాక అది దీవెనేనని అందరూ అనుకున్నారు.

కిరీటి ఏసీ మెకానిక్కు. రేపల్లె అవతల ఉంటాడు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లే. మంచినీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు పట్టి ఉంచుకోవాలి. ఇంట్లో పాకే పిల్ల ఉంది. ఉన్న డ్రమ్ము పగిలిందని భార్య అలేఖ్య రోజూ గుర్తుచేస్తోంది. ఈ ప్రాంతంలో ఏ కంపెనీలో డ్రమ్ము ఖాళీ అయినా ఎవరో ఒకరు తెచ్చుకుని, పీచుతో రెండుసార్లు తోమి, నీళ్లు పట్టేసుకుంటారు. లోపల ఏం పోశారని ఎవరూ అడగరు.

ఒకప్పుడు ఆ షెడ్డులో ఏసీలు బిగించింది కిరీటే. వెనక తలుపు గడియ ఎలా లాగాలో వాడికి తెలుసు. చీకటి పడుతుండగా బండి గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లాడు.

గాలి లేదు... చప్పుడు లేదు.

వరసలోంచి తేలిగ్గా ఉన్న డ్రమ్ము ఒకటి చూసుకుని వంచాడు. అడుగున మిగిలిన నీళ్లు కాస్త నేల మీదకి ఒలికాయి. కాస్త వాడి చేతి మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి. ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తల ఎత్తాడు.

అద్దం అవతల నిలబడి ఉంది—తెల్లగా.

ఆ కళ్లు వాడి మొహం చూడటం లేదట, చేతిని చూస్తున్నాయట. తర్వాత మెల్లగా కదిలింది... కుడిచేత్తో ఎడమచేతి ఉంగరం వేలు పట్టుకుంది. వేలి మొదట్లో రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూనే ఉంది. ఆపింది. వాడి చేతి వైపు చూపించింది. మళ్లీ రుద్దింది.

భయంతో పరిగెత్తిన మనిషి చేతిలోది పారేస్తాడంటారు. కిరీటి డ్రమ్ము పారెయ్యలేదు. ఇంట్లో నీళ్లు లేవు మరి. దాన్ని ఎత్తుకునే గట్టు మీదకి వచ్చి పడ్డాడు.

రోడ్డు మీద సంచీ పట్టుకుని ఎవరో ఎదురొచ్చారు. బండి లైటు వెలుగులో చూస్తే దీవెన భర్త ఆదాము.

"తమ్ముడూ, ఆ డ్రమ్ము ఎక్కడిది?"

కిరీటి షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"చెయ్యి తడిసిందా?" అన్నాడు ఆదాము గొంతు తగ్గించి. "నిజం చెప్పు. తడిసిందా?"

"నీళ్లేనండి... మంట కూడా లేదు."

ఆదాము వాణ్ణి కాలవ రేవులోకి లాక్కెళ్లి చెయ్యి నీళ్లలో ముంచి, చాలాసేపు కడిగించాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. ఆ ఆసిడ్‌కి విరుగుడు మందు అది. దీవెన పోయాక కొన్నాడట, అప్పట్నుంచీ జేబులోనే ఉంటోంది. కిరీటి అరచేతికి పట్టించి రుద్దుతూ అన్నాడు—

"ఇక్కడ దెయ్యముందని జనం భయపడేది నన్ను చూసే. నువ్వు భయపడలేదా?"

"మిమ్మల్నా?"

ఆదాము సంచీ తెరిచి చూపించాడు. అందులో తెల్ల డ్రెస్సు మడత పెట్టి ఉంది.

"డ్రమ్ములు తీసుకుపొమ్మని తిరగని ఆఫీసు లేదు. వచ్చి చూస్తామన్నారు. జనం చూస్తే నీళ్లకని ఎత్తుకుపోతున్నారు. పిల్లలు తాగే నీళ్లు, తమ్ముడూ. చెబితే ఎవరూ వినలేదు. దెయ్యమంటే విన్నారు. అందుకే దీవెన డ్రెస్సు నేను వేసుకుంటున్నాను."

కిరీటికి గట్టిగా నవ్వాలనిపించింది, అంత తేలికైపోయింది మనసు. "బాగా భయపెట్టారండి. ఆ వేలు రుద్దడం చూసి నా ప్రాణం పోయింది."

ఆదాము చెయ్యి ఆగిపోయింది.

"వేలు రుద్దడం ఏంటి?"

"ఇందాక... అద్దం దగ్గర..."

"నేనింకా షెడ్డులోకి వెళ్లనే లేదు. బస్సు ఆలస్యమైంది. ఇప్పుడే దిగొస్తున్నా." తర్వాత చాలా మెల్లగా అడిగాడు. "ఏ వేలు?"

కిరీటి చూపించాడు.

వాడికి ఆ వేలికే పగడం ఉంగరం ఉంది. దోషం పోవాలంటే స్నానానికి కూడా తియ్యొద్దని జ్యోతిష్కుడు చెప్పాడు. కిరీటి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆదాము వదల్లేదు.

"ఒకసారి నేనిలాగే అడ్డం పడ్డాను. తీసెయ్."

బలవంతాన లాగేశాడు. ఉంగరం కింద తడి అలాగే ఉంది. ఎంత కడిగినా ఆ చోటికి నీళ్లు చేరలేదు. చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. ఎర్రటి పగడం అడుగున సున్నంలా తెల్లబడిపోయింది.

మందు అక్కడ రుద్ది, తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇంకాస్త ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడట. డ్రమ్ముకి ఆదామే గొడ్డలితో నాలుగు చిల్లులు పొడిచాడు. అందులో ఏ పిల్లా నీళ్లు తాగలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను కూడా హాయిగా నిద్రపోయేవాణ్ణి.

పట్టీ విప్పాక కిరీటి ఒక సాయంత్రం ఆదాముని చూడ్డానికి వెళ్లాడు. కృతజ్ఞతగా రెండు కొత్త ట్యూబులు కూడా తీసుకెళ్లాడు. షెడ్డు వెనక తలుపు తీసి ఉంది. ఆదాము లోపలే ఉన్నాడు. తెల్ల డ్రెస్సు వేసుకోలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, డ్రమ్ముల మధ్య స్టూలేసుకుని కూర్చున్నాడు.

"రోజూ కూర్చుంటున్నా తమ్ముడూ," అన్నాడు తల తిప్పకుండానే. "ఉంగరం కొయ్యనివ్వనందుకు దానికి ఒక్క మాట చెప్పుకోవాలి. ఇన్నాళ్లూ దాని బట్టల్లో నిలబడ్డాను, నాకు కనపడలేదు. నీకు కనపడింది. ఎందుకా అని ఆలోచించాను."

ఒక డ్రమ్ము మూత తీసి పక్కన పెట్టి ఉంది. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది.

"చెయ్యి తడిస్తేనే వస్తుంది," అన్నాడు.

కిరీటి పరిగెత్తుకెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మోచేతి దాకా తడిసిపోయి ఉంది. ట్యూబు మూత పళ్లతో లాగేశాడు. "లేవండి... నీళ్ల దగ్గరికి పదండి... లేవండి..." అంటూనే ఉన్నాడు.

ఆదాము లేవలేదు. వాడి వైపు చూడలేదు. వాడి భుజం మీదుగా వెనకనున్న అద్దం వైపు చూస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"వచ్చావా," అన్నాడు.

కిరీటి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చేతికి మందు రుద్దుతూనే ఉన్నానని, మోచేతి దగ్గర తనతోపాటు ఇంకెవరో కూడా రుద్దుతున్నారని మాత్రం చెప్పాడు.