సీసాలో పాము గుడ్లు

డిటెక్టివ్ బెనైసా తన సహాయకుడు ద్రిస్‌తో ఖెనిఫ్రా పట్నం నుంచి ఆ కొండపల్లె చేరేసరికి, ఆ ఇంటి కోడలు ఇత్తో బట్టల మూటతో వాకిట్లో నిలబడి ఉంది. భర్తకు విషం పెట్టిందన్న నిందతో అత్త ఫద్మా ఆమెను వెళ్లగొడుతోంది. బెనైసాను పిలిపించినది ఇత్తో తండ్రి.

ఇత్తో భర్త మోహా రక్తపోటు ఏడాదిగా ఏ మాత్రకూ లొంగలేదు. చివరకు శస్త్రవైద్యుడు మూత్రపిండంపైన ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి నారింజపండంత తిత్తిని తీసివేయగా, రక్తపోటు దిగింది. తిత్తి సీసాలో ఇంటికి వచ్చింది.

"చూడు నాయనా, పాము గుడ్లు! పుదీనా టీలో కలిపి తాగించింది ఈ మహాతల్లి. మంత్రగాడు చూడగానే చెప్పాడు," అంది ఫద్మా.

మురికి నీటిలో చిన్న సంచులు ద్రాక్షపళ్లలా కదిలాయి. బెనైసా తిత్తి పైపొరను పట్టకారుతో తట్టాడు. పెంకులా టకటకమంది.

"కోడలొచ్చి ఎన్నాళ్లయింది, పెద్దమ్మా?"

"రెండేళ్లు. నా ప్రాణానికి ఇరవై!"

"మోహా కోలుకున్నందుకు ఇవాళ పొట్టేలును కోశారట. కాలేయం బాగుందా?"

"ఏం బాగు! నిండా నీటిబుగ్గలే. కుక్కకి వేశా. ఊపిరితిత్తులూ అంతే, సాయంత్రం వేద్దామని అదిగో, కొక్కేనికి తగిలించా. ఎప్పుడూ దానికేగా వేసేది!"

కుక్క మోహా వేళ్లు నాకుతోంది. అతడు అదే చేత్తో రొట్టె తుంచాడు.

బెనైసా అందరినీ దగ్గరకు పిలిచి కూర్చోబెట్టాడు.

"ఈ పెంకు ఇంత గట్టిపడడానికి పదేళ్లయినా పడుతుందని శస్త్రవైద్యుడు రాశాడు. పదేళ్ల కిందట ఇత్తో ఈ గడప తొక్కలేదు. ఇవి పాము గుడ్లు కావు, ఆ పొట్టేలు కాలేయంలో ఉన్నలాంటి నీటిబుగ్గలే. గొర్రె నీటిబుగ్గల్లోని పిల్ల పురుగు, వాటిని తిన్న కుక్క పేగుల్లో పెద్ద పురుగవుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి, బొచ్చుకు అంటుకొని, నిమిరిన చేత్తో నోట్లోకి పోతాయి. మోహా ఒంట్లో అలాంటి గుడ్డే గ్రంథిలో చేరి ఈ తిత్తయింది. నేరస్థుడి పేరు కావాలా? కుక్కకు వేసింది ఎవరో పెద్దమ్మే చెప్పింది."

బెనైసా మోహా చేతిలోని రొట్టె వైపు చూపించాడు. "కుక్క నాకిన చేత్తోనే ఇతను రొట్టె తుంచడం ద్రిస్ చూశాడు, నేనూ చూశాను. మోహా మింగింది కుక్క మలం. పుదీనా టీ కాదు!"

ఫద్మా కొంగుతో నోరు మూసుకుంది. మోహా చేతిలోని రొట్టె జారిపోయింది.

"ఇత్తో, లోపలికి రావే," అన్నాడు మెల్లగా.

ఇత్తో మూట దించలేదు. మూలనున్న పార తీసి అతని కాళ్ల దగ్గర పడేసింది.

"ముందు ఆ ఊపిరితిత్తుల్ని లోతుగా పూడ్చిరా. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. అప్పటిదాకా ఈ ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టను."