నత్తలు వదిలేసిన బండ

ఉదయం అక్వేరియం తలుపులు తీసేసరికి పెద్ద ట్యాంకులో డైవర్ శవం తేలుతోంది. గాలిగొట్టం కోసేసి ఉంది. చేపలు మామూలుగానే తిరుగుతున్నాయి.

"మనవాడే," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్, పక్కనున్న ఏజెంట్‌తో. "ట్యాంకులో బాంబుందని మెసేజ్ పంపాడు. ఎక్కడో చెప్పేలోపే పోయాడు."

"టార్గెట్?"

"సబ్‌మెరైన్ డిజైన్ చేసిన సైంటిస్టు. రేపు మనవరాలితో వస్తాడు. ట్యాంకు అడుగునున్న గాజు సొరంగంలో నడుస్తారు. విజిట్ ఆపితే బాంబు పెట్టించిన విదేశీ ముఠా జారుకుంటుంది. ఏమయ్యా, భయంగా ఉందా?"

"లేదు సార్."

ఏజెంట్ నిజమే చెప్పాడు. భయం ఉండాల్సిన చోటు తడిమి చూసుకున్నాడు. మత్తుసూది వేసిన పంటిచిగురులా ఉంది.

మర్నాడు కొత్త డైవర్ వేషంలో ట్యాంకు పైమెట్ల మీద ఫిన్స్ తొడుక్కుంటుంటే చేపల డాక్టర్ వచ్చింది. తెల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్, మందుల వాసన మీద ఖరీదైన సెంటు. ఆమె రెండువైపులా జీతం తీసుకుంటుందని చీఫ్ ముందే చెప్పాడు.

"సముద్రగుర్రానికి పురుడైందా?" అంది. అది కోడ్.

"అయింది. తండ్రీ బిడ్డలూ క్షేమం."

ఆమె నవ్వింది. "ముఠా తరపున ఓడల రిపేరు యార్డు వాళ్ళు పెట్టారు. చూడ్డానికి బండలాగే ఉంటుందట. టైమర్ పదకొండింటికి. ఎక్కడో నాకూ చెప్పలేదు. నన్ను నమ్ముతావా అబ్బాయ్?"

"నమ్మడం నా డ్యూటీ కాదు డాక్టర్‌గారూ."

"నీకసలు మనసుందా?"

"ఇంట్లో మర్చిపోయి వచ్చాను. పేలే టైముకి మీరెక్కడుంటారు?"

"కారులో. వాళ్ళని దాటించే డ్రైవర్ని నేనేగా."

అతను నీళ్ళలోకి జారాడు. చేతి గడియారంలోని మెటల్ డిటెక్టర్ ఆగకుండా మోగింది. సొరంగం ఫ్రేమంతా ఉక్కే. దాన్ని ఆపేశాడు. ఇక తన ఊపిరి చప్పుడే. అదీ ఎవరిదో అనిపించింది.

పగడాల మధ్య ఓ పెద్ద చేప నోరు తెరిచి నిలబడితే, రొయ్య ఒకటి లోపలికి దూరి పళ్ళు శుభ్రం చేస్తోంది. ప్రతి బండకీ నాచు, నాచు మీద నత్తలు. ఇల్లు లేని చోటంటూ లేదు.

కింద సొరంగంలో ముసలాయన, పాప కనిపించారు. పాప చెయ్యూపింది. అతనూ ఊపాడు. లోపలేమీ కదల్లేదు.

అప్పుడు కనిపించింది, సొరంగం కప్పుకి ఆనుకుని ఓ ఎర్రటి బండ. నాచు లేదు. చుట్టూ నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి.

రాగి కలిపిన పెయింటు. ఓడ అడుగున నాచూ నత్తచిప్పలూ పట్టకుండా పూసేది. నత్తలకీ రొయ్యలకీ విషం. నీళ్ళలోకి దిగే దేనికైనా ఆ పూత వెయ్యడం యార్డు వాళ్ళకి అలవాటు. బాంబుకీ వేశారు. చేతులు తమ పని తాము చేసుకుపోతే మనిషి అడ్డుపడడు. అతనికి తెలుసు. తనూ అలాగే బతుకుతున్నాడు.

కత్తితో బండ డొల్ల ఊడదీశాడు. వైర్లు. పాప గాజుకి అరచెయ్యి ఆనించి అతన్నే చూస్తోంది. వైరు తెగింది. టైమర్ ఆఖరి సెకను మీద ఆగింది.

అతను పాప చేతికెదురుగా తన చెయ్యి ఆనించాడు. గ్లవ్‌లో చల్లదనం తెలియలేదు.

బయట డాక్టర్ కారులో, వెనక సీట్లో ముగ్గురు యార్డు మనుషులతో సహా దొరికింది. వాళ్ళు పారిపోకుండా కారు తాళంచెవిని ఆమే ఎప్పుడో మురుక్కాలువలోకి విసిరేసిందట.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "సైంటిస్టుగారు నీకు మెడల్ ఇవ్వమన్నారయ్యా. మనవరాలు మాత్రం కంప్లయింట్ చేసింది. కొత్త డైవర్ చేపలకి మేత వెయ్యకుండా రాళ్ళతో ఆడుకుంటున్నాడట."

"నిజమే సార్," అన్నాడు ఏజెంట్. "రేపొచ్చి చూసుకోమనండి. దగ్గరుండి వేస్తాను."