రొయ్యల వ్యాన్‌లో మెదళ్ళు

కంకిపాడు సెంటర్ దాటగానే, పట్టపగలు, జోయెల్ బైక్‌ను ఓ లారీ గుద్దేసి ఆగకుండా వెళ్ళిపోయింది. జోయెల్ అక్కడికక్కడే పోయాడు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. సంజీవరావు మాత్రం నమ్మలేదు. బెంజ్ సర్కిల్‌లో చీరల షాపు పైఅంతస్తులో ఆయన గది. తలుపు మీద 'టాక్స్ కన్సల్టెంట్' అని బోర్డు ఉంటుంది. లోపల నడిచేది గూఢచారి విభాగం.

“జోయెల్ మన ఏజెంట్,” అన్నాడు సంజీవరావు, ఎదురుగా కూర్చున్న అష్ఫాక్‌తో. “డాక్టర్ కనకలక్ష్మి గారి ల్యాబ్‌లో డ్రైవర్‌గా పెట్టాం. ఆవిడ రీసెర్చ్ పీఎస్పీ అనే మెదడు జబ్బు మీద. ఆ జబ్బేంటో నీకు చెప్పక్కర్లేదు.”

అష్ఫాక్ తలూపాడు. అతని తల్లి జమాల్ బీకి ఉన్నది అదే. చూడ్డానికి పార్కిన్సన్స్‌లాగే ఉంటుంది. ఒళ్ళు బిగుసుకుపోతుంది, నడక మందగిస్తుంది. కానీ చేతులు పెద్దగా వణకవు. మనిషి ఉన్నట్టుండి వెనక్కి పడిపోతుంది. కళ్ళు కిందికి దిగవు. పార్కిన్సన్స్ మందులు పనిచేయవు. జబ్బు ఇదీ అని తేలడానికే ఏళ్ళు పట్టింది.

“పామర్రు దగ్గర ఒకే ఇంట్లో ముగ్గురు దీంతోనే పోయారు. చాలా అరుదు. ఇంటివాళ్ళు వాళ్ళ మెదళ్ళను ల్యాబ్‌కు దానం చేశారు. ఒక విదేశీ ముఠా వాటిని ఎత్తుకుపోయి, వాటితో మందు కనిపెట్టి పేటెంట్ కొట్టాలని చూస్తోంది. పోతే మళ్ళీ దొరకవు. ఆవిడ రీసెర్చ్ ఆగిపోయినట్టే.”

“లోపల వాళ్ళ మనిషెవరు సార్?”

సంజీవరావు ఫొటో ముందుకు జరిపాడు. “సిద్రా. విదేశీ కంపెనీ ప్రతినిధినని ల్యాబ్‌లో తిరుగుతోంది. ముఠాకు పనిచేస్తుంది, మనకూ సమాచారం ఇస్తుంది. నిజంగా ఎవరి వైపో ఆమెకే తెలియాలి.” చొక్కా గుండీ అంత ట్రాకర్‌ను అష్ఫాక్ చేతిలో పెట్టాడు. “శాంపిల్ పెట్టెలో అంటించు. ఎక్కడుందో, ఎంత చల్లగా ఉందో నీ ఫోన్‌కు చెబుతుంది. పెట్టెను బయటికి పోనివ్వు. అందుకునేవాడు దొరకాలి.”

“ఏ వేషంలో వెళ్ళాలి?”

“వేషం వద్దు. మీ అమ్మగారిని చూపించడానికి వెళ్ళు.”

ఎన్నో పేర్లతో ఎన్నో ఊళ్ళు తిరిగిన అష్ఫాక్, సొంత పేరుతో మిషన్‌కు వెళ్ళడం ఇదే మొదటిసారి. అది అతనికి నచ్చలేదు.

ల్యాబ్‌లో కనకలక్ష్మి జమాల్ బీ కళ్ళకు కెమెరా గాగుల్స్ తొడిగింది.

“నా వేలు కిందికి దించుతానమ్మా, దాన్నే చూడండి.”

వేలు దిగింది. కళ్ళు దిగలేదు.

“మందు ఎప్పటికొస్తుందండీ?” అన్నాడు అష్ఫాక్.

“చెప్పలేనండీ. మా ఫ్రీజర్‌లో ఉన్నవాళ్ళు చెప్పాలి.”

పరీక్ష సాగుతుండగా అతను ఫ్రీజర్ గదిలోకి జారుకున్నాడు. తరలించడానికి సర్ది ఉంచిన థర్మోకోల్ పెట్టె మూత ఎత్తి ట్రాకర్ అంటించాడు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో సిద్రా. నీలం పట్టు కుర్తా, ఖరీదైన సెంటు, తొణకని నవ్వు.

“బందరు లడ్డూ తెచ్చారా?” అది కోడ్.

“ఇంట్లో షుగరండీ, మానేశాం.” అది జవాబు.

ఆమె గొంతు తగ్గించింది. “ఇవాళే వెళ్తుంది. రొయ్యల వ్యాన్‌లో, బందరు వైపు. ఇంకో మాట. మావాళ్ళ దగ్గర కొత్త మందు ట్రయల్‌లో ఉంది. మీ అమ్మగారిని చేర్పిస్తాను. మీరు కాసేపు దారి తప్పితే చాలు.”

“ఎవరి తరఫున అడుగుతున్నారు?”

“మీ అమ్మగారి తరఫున అనుకోండి.”

కాదనాలి. అష్ఫాక్ తల్లి ఉన్న గది వైపు చూశాడు.

తల్లిని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్ట్ పెడుతుండగానే ఫోన్‌లో ట్రాకర్ చుక్క కదిలింది. ఆమెను ఇంట్లో దించే టైము లేదు. బందరు రోడ్డు ఎక్కాడు. కంకిపాడు దాటాక సంజీవరావు ఫోన్ చేశాడు.

“ఎక్కడున్నావ్?”

“ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను సార్.”

ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది. అష్ఫాక్ కాలు యాక్సిలరేటర్ మీద ఆనీ ఆననట్టు ఉంది. చుక్క దూరమవుతోంది.

“బేటా,” అంది జమాల్ బీ వెనక నుంచి. ఆమె నోట ఒక్కొక్క మాటా కూడబలుక్కుని వస్తుంది. “డాక్టరమ్మ... నా మెదడు అడిగింది. నేను పోయాక. ఇస్తానన్నాను.”

“నాకు చెప్పలేదేంటమ్మీ?”

“నువ్వు వద్దంటావు. మందు నాకెలాగూ అందదు. ఇంకెవరి అమ్మకైనా... పనికొస్తుందేమో.”

అష్ఫాక్ యాక్సిలరేటర్ తొక్కాడు. కారు స్పీడందుకుంది.

పామర్రు అవతల, కాలువ గట్టున ఐస్ షెడ్డు దగ్గర వ్యాన్ ఆగి ఉంది. పక్కనే సిద్రా, నల్ల కళ్ళద్దాల విదేశీయుడొకడు. వాడి చేతిలో పెట్టె. అష్ఫాక్ తల్లి ఉన్న కారును దూరంగా ఆపి, తువ్వాలు భుజాన వేసుకుని, రొయ్యలు కొనేవాడిలా నడిచాడు.

“ఎంత కౌంటండీ? కిలోకెన్ని తూగుతాయి?”

సిద్రా గుర్తుపట్టింది. “మీరు రారనుకున్నాను.”

“నేనూ అదే అనుకున్నాను. ఆ మందు నిజంగా ఉందా?”

ఆమె నవ్వు ఆరిపోయింది. “తెలియదు. ఉందని చెప్పమన్నారు.”

కళ్ళద్దాలవాడికి సంగతి అర్థమైంది. తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదనుకున్నాడేమో, మూత పీకేసి పెట్టెను కాలువ వైపు తోసేశాడు. డ్రై ఐస్ పొగ కక్కుతూ అది గట్టు మీద నుంచి జారింది. ఫోన్‌లో అలారం మోగింది. అష్ఫాక్ బోర్లా దూకి, నీళ్ళు తాకబోతున్న పెట్టె అంచు పట్టుకున్నాడు. వెనక తుపాకీ పేలింది.

తల తిప్పి చూశాడు. కళ్ళద్దాలవాడు భుజం పట్టుకుని కూలబడి ఉన్నాడు, వాడి రివాల్వర్ బురదలో. సిద్రా చేతిలో పిస్టల్ ఉంది.

“జోయెల్‌ని చంపుతామని నాకు చెప్పలేదు,” అంది వాడితో. తర్వాత పిస్టల్‌ను ఐస్ దిమ్మ మీద పెట్టి, చేతులు ముందుకు చాచింది.

అష్ఫాక్ మూత బిగించాడు. కాసేపటికి అలారం ఆగింది.

మర్నాడు పేపర్లో, జిల్లా పేజీ అడుగున చిన్న వార్త వచ్చింది. పామర్రు దగ్గర పాడైన రొయ్యల వ్యాన్ పట్టివేత, అధికారులకు ప్రశంసలు. తల్లికి అన్నం తినిపిస్తూ అష్ఫాక్ దాన్ని చదివి వినిపించాడు.

“నిన్న నువ్వు అంత స్పీడుగా తోలింది... ఈ రొయ్యల కోసమా?”

“అవునమ్మీ.”

జమాల్ బీ ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత మెల్లగా అంది.

“పాడైనవాటికి అంత దూరం ఎందుకు బేటా. మన మార్కెట్లోనే దొరుకుతాయిగా.”