బురుజు గది వద్దన్నవాడు

"నీ తమ్ముణ్ణి అమ్మినవాడి ఆచూకీ దొరికింది, గార్సైడ్."

చీఫ్ ఆ మాట చెప్పి తాపీగా పైపు వెలిగించుకున్నాడు. రాల్ఫ్ గార్సైడ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తమ్ముడు టామ్ పోయినప్పటి నుంచి అతను బతుకుతున్నది ఆ ఒక్క మాట వినడానికే. ఇటలీలోని ట్రియెస్ట్ రేవులో టామ్ వీపున తూటాతో పడి ఉన్నాడు. జేబులో శత్రువుల కోడ్ ఉందని తర్వాత బయటపడింది. అంతే, వాడు ద్రోహి అని వాళ్లిద్దరూ పనిచేసిన గూఢచారి డిపార్ట్‌మెంటే తేల్చేసింది. కింద హాల్లో అమరుల రాతిపలక ఉంది. దాని మీద మొదట చెక్కిన టామ్ పేరు ఉలి పెట్టి మరీ చెరిపించారు. రాల్ఫ్ రోజూ ఆ గరుకు మచ్చ పక్కనుంచే ఆఫీసుకి వస్తాడు.

"మనం 'డేగ' అని పిలిచే ఆ గూఢచారేనా సార్?"

"డేగే. మొహం ఎవరూ చూడలేదు. ఇంగ్లండ్‌లో పుట్టినవాడే, మనలోంచి పోయినవాడే అన్నది ఖాయం. జలాంతర్గాముల చప్పుడు పసిగట్టే మన కొత్త యంత్రం ప్లాన్లు మైక్రోఫిల్మ్ తీశాడు. విట్బీలో సముద్రం ఒడ్డున ఫెర్న్‌లీ హౌస్ అని విక్టోరియా రాణి నాటి ఇల్లుంది. గదులు అద్దెకిచ్చి పొద్దున టిఫిన్ పెడతారు. వాడి ముఠా అక్కడ కలుస్తోంది. రేపు పొద్దున సముద్రం పోటెత్తగానే ఒక విదేశీ చేపల ఓడ బయల్దేరుతుంది. ఫిల్మ్ ఆ ఓడ ఎక్కకూడదు."

"మరి డేగ?"

"ప్రాణాలతో కావాలి. వాడు నోరు విప్పితేనే టామ్ మీద మచ్చ పోతుంది. చచ్చాడో, ఆ మచ్చ ఇక శాశ్వతం."

"చూస్తాను సార్." రాల్ఫ్ గొంతులో ఆ ప్రాణం మీద గౌరవం ఏ కోశానా లేదు.

"అన్నట్టు, ఒడీల్ వార్గా కూడా అక్కడే దిగింది. హంగరీ జమీందారిణి, డబుల్ ఏజెంట్. వాళ్లకీ అమ్ముతుంది, మనకీ అమ్ముతుంది. ఆవిడ జోలికి వెళ్లకు. పనికొచ్చే మనిషి."

* * *

"గొడుగులమ్మేవాడివి, ఇలా తడిసొచ్చావేంటి నాయనా? నీ సరుకు మీద నీకే నమ్మకం లేదా?"

ఫెర్న్‌లీ హౌస్ యజమానురాలు మిసెస్ స్కెల్టన్ గుమ్మంలోనే రాల్ఫ్ వేషాన్ని ఉతికి ఆరేసింది. అతను నవ్వుతూ లోపలికి నడిచాడు. ఆవిడ తాళంచెవుల గుత్తి ఊపుకుంటూ మెట్లెక్కింది.

"ఇల్లంతటికీ అందమైనది సముద్రం గది. బాల్కనీ లోంచి ఇసుకలోకి ఇనుప మెట్లు కూడా ఉన్నాయి. అది హంగరీ మేడమ్ తీసేసుకుంది. గులాబీ గది కర్నల్ పెండర్ గారిది. నీకు బురుజు గది ఇస్తాలే. రంగు అద్దాలు, ఇత్తడి మంచం. రాణీగారు చూసినా వంకపెట్టేది కాదు."

"ఆ చివర చిన్న తలుపు ఎవరిది?"

"అదా? మా అమ్మమ్మ నాటి పనిపిల్ల గది. తెల్లారకముందే దొరసాని గదిలో పొయ్యి రాజెయ్యాలి కదా, అందుకని సముద్రం గదిలోకి ఒక దొంగతలుపు పెట్టారు. మీద గోడకాగితం అంటించేశారు, అతిథులకి కనపడదు. పొగగొట్టం కూడా రెంటికీ ఒకటే. అటువాళ్లు తుమ్మితే ఇటువాళ్లు చిరంజీవ అనాల్సిందే!"

"ఇదే ఇవ్వండి."

"మతిపోయిందా? బురుజు గది వదిలి ఈ అగ్గిపెట్టెలో పడుకుంటావా?"

"బురుజులోంచి సముద్రం కనిపిస్తుంటే నిద్ర పట్టదమ్మా. మా నాన్న అందులోనే పోయాడు."

ఆ రోజు అతని నోట దొర్లిన ఒకే ఒక్క నిజం అది. ఆవిడ గుత్తిలోంచి తాళంచెవి తీసి ఇచ్చేసింది.

సాయంత్రం టీ వేళకి కర్నల్ పెండర్ సముద్రం గదిలోకి వెళ్లాడు. రాల్ఫ్ తన గది పొయ్యిలోకి వంగి, గొడుగు పిడిలో దాచిన మైకుని పొగగొట్టంలోకి పైకి జరిపాడు. ఇయర్‌ఫోన్‌లో కప్పుల చప్పుడు వినిపించింది. ఆ వెనక గుసగుసలు. ఆడగొంతో మగగొంతో తెలియడం లేదు.

"ట్రియెస్ట్‌లో ఆ గార్సైడ్ కుర్రాణ్ణి అమ్మింది నేనే. కోడ్ వాడి జేబులో పెట్టిందీ నేనే. నింద వాడు మోశాడు. రేపు కూడా అంత సాఫీగా అయిపోతుంది."

రాల్ఫ్ చెయ్యి తనంతట తనే పిస్తోలు మీదికి వెళ్లింది. దొంగతలుపు పక్కనే ఉంది. ఒక్క తోపు చాలు. కాని గుసగుసకి పేరుండదు, చచ్చినవాడు సాక్ష్యం చెప్పడు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని పిడికిలి కొరుక్కున్నాడు. డేగ ఇంగ్లీషువాడని చీఫ్ చెప్పాడు. ఆ గదిలో ఉన్న ఇంగ్లీషువాడు కర్నలే.

* * *

పొద్దున ఉడకబెట్టిన గుడ్లు చల్లారకుండా ఊలు టోపీలు పెట్టుకుని టేబుల్ మీదికి వచ్చాయి.

"డార్లింగ్, ఈ దేశంలో గుడ్డుకి కూడా చలేనా?" అంది ఒడీల్ తన హంగరీ యాసలో, ముత్యాల దండ సవరించుకుంటూ. ఎరుపు పట్టు గౌనులో ఆవిడ ఆ భోజనాల గదికి మరీ ఎక్కువైపోయింది.

"అలవాటవుతుంది మేడమ్," అన్నాడు కర్నల్ మీసం తుడుచుకుంటూ. బ్యాగు తీసుకుని, అందరికీ కనపడేలా వీధి గుమ్మం వైపు నడిచాడు. బయట బొగ్గులబండిలో రాల్ఫ్ మనుషులు కాచుకుని ఉన్నారు. వాళ్లతో కలిసి కర్నల్ని పట్టుకోవడానికి రాల్ఫ్ కుర్చీలోంచి సగం లేచాడు.

టక్. టక్.

ఒడీల్ గడియారం వైపు చూస్తోంది. ఆవిడ చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోతోంది. తిన్న గుడ్డు పెంకుని బోర్లించి, చెంచాతో దాని అడుగు పగలగొట్టింది.

రాల్ఫ్ అలాగే ఆగిపోయాడు. చిన్నప్పుడు పెంకు అడుగు పగలగొట్టకుండా లేస్తే అమ్మ టామ్‌కి ఒక్కటి తగిలించేది. "మంత్రగత్తె దాన్ని పడవ చేసుకుని సముద్రం మీదికి పోతుందిరా! మనవాళ్ల ఓడలు ముంచేస్తుంది!" ఈ తీరంలో తల్లులందరూ చెప్పే మాటే అది. హంగరీ జమీందారుల ఇళ్లల్లో ఈ పాఠం ఎవరు చెబుతారు?

కర్నల్ ప్లేటు వైపు చూశాడు. పెంకు చెక్కుచెదరలేదు. మీసం ఇంగ్లీషుదే, మనిషి కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పుట్టుకతో రానిది ఎన్ని వేషాలు కట్టినా రాదు.

"చేతి తొడుగులు మర్చిపోయాను," అని ఒడీల్ పైకి వెళ్లింది.

రాల్ఫ్ చేతిలో చెంచా అలాగే ఉండగా వెనక మెట్ల మీదుగా పనిపిల్ల గదికి పరుగెత్తాడు. భుజంతో దొంగతలుపు తోశాడు. గోడకాగితం పర్రున చిరిగింది.

ఒడీల్ బాల్కనీ గడప మీద ఉంది. ఇనుప మెట్ల కింద ఒక చిన్న పడవ, దూరంగా ఓడ. ఆమె బ్యాగులోంచి పిస్తోలు తీసేలోపే రాల్ఫ్ దాన్ని తన్ని పారేశాడు. బ్యాగు బోర్లపడి లిప్‌స్టిక్ దొర్లింది. మూత ఊడి, అందులోంచి ఫిల్మ్ చుట్ట బయటపడింది.

"అదే పోలిక. టామ్ అన్నయ్యవి కదూ నువ్వు?" హంగరీ యాస ఎగిరిపోయింది. అచ్చమైన విట్బీ రేవు మాట. "మెతకవాడు. పెళ్లి చేసుకుందామన్నాడు నన్ను. వెనక్కి తిరగమంటే నవ్వుతూ తిరిగాడు."

రాల్ఫ్ పిస్తోలు ఆమె నుదుటికి గురిపెట్టాడు. చంపేయాలనిపించింది. జీవితంలో ఇంకేదీ అంత గట్టిగా కోరుకోలేదు.

"కాల్చలేవు కదూ? నేను పోతే నీ తమ్ముడు ద్రోహిగానే మిగిలిపోతాడు." ఆమె నవ్వింది. "అందుకే పోతున్నా."

ఆమె దవడ బిగిసింది. పంటిచాటున విషం బిళ్ల!

రాల్ఫ్ పిస్తోలు వదిలేసి మీదికి దూకాడు. పళ్లు కలిసే లోపల గుడ్డు చెంచా నోట్లోకి దూర్చాడు. చెంచా వంగింది గాని బిళ్ల చితకలేదు. వేళ్లు కొరికినా లెక్కచెయ్యక దాన్ని బయటికి లాగేశాడు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా ఎవర్ని చంపాలనుకున్నాడో, ఆ మనిషి ప్రాణమే కాపాడాల్సి వచ్చింది.

"బతుకు," అన్నాడు రొప్పుతూ. "బతికి, వాడి పేరు నీ నోటితో చెప్పు. కోర్టులో, అందరి ముందూ. నా పగ అదే."

కింద బొగ్గులబండి వాళ్లు కర్నల్‌కి సంకెళ్లు వేసేశారు. ఖాళీ పడవ కెరటాల్లో ఊగుతోంది. రాల్ఫ్ రక్తం కారుతున్న చేత్తో ఫోన్ అందుకుని చీఫ్‌తో ఒకే ముక్క చెప్పాడు: "రాయి చెక్కేవాణ్ణి పిలిపించండి సార్."

మిసెస్ స్కెల్టన్ చిరిగిన గోడకాగితాన్నీ, వంగిన చెంచానీ మార్చి మార్చి చూసి నిట్టూర్చింది. "పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి పెంకూ పగలగొడుతూనే ఉన్నా నాయనా. అయినా మంత్రగత్తె వచ్చి నా ఇంట్లోనే దిగింది!"

"దిగితే దిగింది లెండి," అన్నాడు రాల్ఫ్. "పడవైతే ఎక్కలేదు కదా."