లైను చివరి గుర్తు

"పదకొండు గంటలకు జలాశయం ఇరవై గేట్లూ ఒకేసారి తెరుచుకుంటాయి," అన్నాడు చీఫ్. "కింద ఊరుంది. నీకు గంటన్నర టైముంది."

టేబుల్ మీది ప్రింటవుట్‌ను ఏజెంట్ మౌస్ చూడగానే గుర్తుపట్టాడు. మౌస్ చేతిలోంచి వదలడు కనుక అతనికా పేరు. గేట్లు తెరిచే ఇలాంటి ప్రోగ్రామే మూడు నెలల కిందట తమ సర్వర్‌లో దొరికింది. అది మౌస్ శిష్యుడి లాగిన్ మీద వచ్చింది. అందరూ తమ్ముడని పిలిచే ఆ శిష్యుడి మీద సాక్ష్యం చెప్పింది మౌసే.

"తమ్ముడు మన కస్టడీలోనే ఉన్నాడుగా. మరి ఇదెవరు పెట్టినట్టు?" అడిగాడు చీఫ్.

మౌస్ తల దించుకున్నాడు. అతనికి తెలుసు. మూడు నెలలుగా తెలుసు.

మూడు నెలల కిందటి ఆ ఫైల్లో ప్రతి లైను చివరా కంటికి కనబడని గుర్తొకటి ఉంది. విండోస్ ఎడిటర్లు పెట్టే గుర్తు అది. సర్వర్లను నడిపే లినక్స్‌కు అది గిట్టదు; అందుకే ఆ ప్రోగ్రామ్ అప్పుడు నడవలేదు. తమ్ముడేమో విండోస్ ముట్టుకుంటే చేతులు కడుక్కునే రకం. క్యాంటీన్లో రోజూ ఇదే గొడవ.

"మంచి టూల్స్ అన్నీ లినక్స్‌వే అన్నా. మీరు అరువు తెచ్చుకుంటున్నారు."

"మౌస్ పట్టుకోవడం చేతకానివాళ్ళ మాటలురా అవి."

ఏజెంట్లందరిలో విండోస్ లాప్‌టాప్ ఉన్నది మౌస్‌కొక్కడికే. సణుక్కుంటూనే అందులో టూల్స్ వేసిపెట్టిన తమ్ముడు తన లాగిన్ తీసేయడం మర్చిపోయాడు. ఆ లాప్‌టాప్‌ను హోటల్ లాబీలో పది నిమిషాలు సీతాకోక చేతికిచ్చింది మౌసే. ఆమె తమ మనిషేనని అందరూ అనుకునే ఏజెంట్. ఆమె నవ్వితే మౌస్‌కు పాస్‌వర్డ్‌లు కూడా గుర్తుండవు. ఉద్యోగం పోతుందన్న భయంతో విచారణలో ఆ పది నిమిషాల ఊసెత్తలేదు. అప్పటినుంచి అద్దంలో మొహం చూసుకోవాలంటే సిగ్గుగా ఉంది.

పదీ యాభై ఎనిమిదికి ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్ చేరాడు.

"పెంగ్విన్‌కు చలేస్తోందా?" అడిగాడు ఆపరేటర్.

"స్వెట్టర్ ఉతకడానికిచ్చింది."

కోడ్ కుదిరింది. ఆపరేటర్ కుర్చీ ఖాళీ చేశాడు. "ఫైల్ తీసేయకండి. ఒక్క లైను తగ్గినా కాపలా ప్రోగ్రామ్ అప్పటికప్పుడే గేట్లు తెరిచేస్తుంది."

మౌస్ టూల్ బ్యాగులోంచి తన లాప్‌టాప్ తీసి, కేబుల్ తగిలించి, ఫైల్ తెరిచాడు. ఈ ఫైల్లో ఆ గుర్తులు లేవు. పదకొండుకు తప్పకుండా నడుస్తుంది.

వెనక తలుపు చప్పుడైంది. తనిఖీ ఇంజినీర్ కోటులో సీతాకోక, చేతిలో పిస్టల్.

"ఇంకా ఆ డొక్కు లాప్‌టాపేనా? చేతులెత్తు."

"నువ్వు వాడుకున్నదే." అతని వేలు మౌస్ మీదే ఉంది. "ఈసారి గుర్తులు తీసేసి శుభ్రంగా రాశావు."

"తప్పు తెలుసుకున్నాను. ఇంకో నాలుగు సెకన్లు."

అతనికి రెండు చాలు. ఒక్క క్లిక్‌తో ప్రతి లైను చివరా ఆ విండోస్ గుర్తు మళ్ళీ పెట్టి సేవ్ నొక్కాడు.

పదకొండయింది. లైన్లన్నీ లెక్కకు సరిగ్గానే ఉన్నాయి. ప్రోగ్రామ్ మాత్రం మొదటి లైనులోనే చతికిలబడి ఎర్రర్ చూపించింది. గేట్లు కదల్లేదు. నోరు తెరుచుకుని స్క్రీన్‌కేసి చూస్తున్న సీతాకోక చేతిలోంచి ఆపరేటర్ పిస్టల్ లాక్కున్నాడు.

సాయంత్రం మౌస్ చీఫ్‌కు అంతా చెప్పి, ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టాడు. సాక్ష్యం దాచినందుకు కస్టడీ తప్పలేదు. కస్టడీ గది గుమ్మంలో, విడుదలై వస్తున్న తమ్ముడు ఎదురయ్యాడు. మనిషి సగమయ్యాడు.

"ఫైల్ చూసిన రోజే మీకు తెలుసా అన్నా?"

"తెలుసురా. భయపడ్డాను. నీకు అన్యాయం చేశాను."

తమ్ముడు క్షమించానని అనలేదు. సంచీ భుజానికేసుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"వాంగ్మూలం రాసుకోవడానికి లోపల ఒక కంప్యూటర్ ఉంది. విండోస్ పీకేసి లినక్స్ వేశాను. మౌస్ కూడా తీసేశాను. అలవాటు చేసుకోండి."